ఎడమ పక్క కటింగు

ఈశ్వరమ్మ ఆ బనీనును రెండు వేళ్ళతో కొసన పట్టుకుని, చచ్చిన ఎలుకను పారేయబోతున్నదానిలా హాల్లోకి తెచ్చి, కోడలు లాప్‌టాప్ పెట్టుకున్న బల్ల మీద పడేసింది. అది సరిగ్గా మీటల మీద పడింది. అవతల మీటింగులో ఉన్నవాళ్ళకి ఏం అక్షరాలు వెళ్ళాయో ఏమో, రసజ్ఞ గబగబా ఏదో నొక్కి, చెవుల మీది హెడ్‌ఫోన్ మెడలోకి లాక్కుంది.

"ఏంది మే ఇది?" అంది ఈశ్వరమ్మ.

"మీరే చెప్పండి అత్తయ్యా. తొందరగా చెప్పండి, మీటింగులో ఉన్నాను."

"నీ మీటింగు యాడికీ పారిపోదులే. దీన్ని ఏసుకుని ఆదివారం నాడు నలుగుర్లో కూచోవల్లంటావా? కుడిపక్క గొంతు పిసికినట్ల పిసుకుతాది. ఎడమపక్క ఖాళీ సంచి మాదిరి యాలాడతాది. మీయమ్మ కండ్లు ఎట్లాంటివో నీకు తెలీదా? కూరలో ఉప్పెంత పడిందో ఆవిరి చూసి చెప్పేస్తాది."

"ఆది జాకెట్టు చేతికిచ్చి కుట్టమంటే ఇలాగే వస్తుంది. ఒంటి కొలతలు ఇమ్మని అడిగానా, లేదా?"

"ఇయ్యను."

"అయితే సంచే వేసుకోండి," అని రసజ్ఞ హెడ్‌ఫోన్ మళ్ళీ చెవులకెక్కించుకుంది.

ఇద్దరూ గొంతు పెంచలేదు. మణికొండ అపార్టుమెంట్లలో పక్కింటి కుక్కర్ కూతలు మనింటి కుక్కర్ కూతల్లో కలిసిపోతాయి కాబట్టి, ఆ ఇంట్లో తిట్లన్నీ పళ్ళ సందున నలిగే బయటికి వచ్చేవి. నారాయణప్ప పేపరు ఇంకాస్త పైకెత్తి మొహం దాచుకున్నాడు. పెళ్ళామూ కోడలూ ఎదురుపడ్డప్పుడల్లా ఆయనకి పేపర్లో చదవాల్సిన వార్తలు ఎక్కువైపోయేవి.

ఈశ్వరమ్మది కదిరి. నారాయణప్పకి అక్కడ ఎరువుల అంగడి ఉండేది. మోకాళ్ళు అరిగాక దాన్ని తమ్ముడికి అప్పజెప్పి, భార్యను వెంటబెట్టుకుని కొడుకు సందీప్ దగ్గరికి వచ్చేశాడు. కోడలు రసజ్ఞది కాకినాడ వైపు. కొన్ని రోజులు హైటెక్ సిటీలో ఆఫీసుకి పోతుంది, కొన్ని రోజులు ఇంట్లోనే బల్ల ముందు కూచుంటుంది. ఆమె తండ్రి భీమేశ్వరరావు ప్రభుత్వోద్యోగం చేసి రిటైరయ్యాక, భార్య వీరలక్ష్మితో మూసాపేటలో స్థిరపడ్డాడు. పెళ్ళప్పుడు మధ్యలో కృష్ణా గోదావరీ రెండూ ఉన్నాయి కాబట్టి వియ్యపురాళ్ళకి ఒకరి మొహం ఒకరు చూసుకునే అవసరం రాదులే అనుకున్నారు. ఇప్పుడేమో మెట్రో దిగి ఆటో ఎక్కితే చాలు, వీరలక్ష్మి వచ్చేస్తుంది.

ఈశ్వరమ్మకీ వీరలక్ష్మికీ చెడింది పెళ్ళిపీటల దగ్గరే. ఆకుపచ్చ పట్టుచీర, దాని మీదికి తన చేత్తో తాను కుట్టుకున్న జాకెట్టు వేసుకుని ఈశ్వరమ్మ నిలబడి ఉంటే, వీరలక్ష్మి నలుగురూ వినేలా, "మీ వైపు జాకెట్లు ఇంత వదులుగా వేసుకుంటారాండీ వదినగారూ? గాలాడుతుందనా?" అని కిసుక్కుమంది. కదిరిలో ఈశ్వరమ్మ కుట్టిన జాకెట్టు తొడక్కుండా ఆ వీధిలో ఏ ఆడపిల్లా పెళ్ళికూతురు కాలేదు. అలాంటి చేతిని పట్టుకుని అంత మాటంది. కంచంలో చెయ్యి పెట్టినప్పుడు ఆ కిసుక్కు గుర్తొస్తే ఈశ్వరమ్మకి ఆ పూట ముద్ద దిగదు.

మొన్న వేసవిలో ఈశ్వరమ్మకి ఎడమ రొమ్ములో గడ్డ కనిపించింది. పెద్దాసుపత్రిలో చూపించారు. రొమ్ము తీసేశారు, మందులెక్కించారు, పోయిన జుట్టు మళ్ళీ కాస్త మొలిచింది. బతికి బయటపడింది. లోకానికి మాత్రం కడుపులో రాళ్ళు తీశారని చెప్పారు. ఆపరేషనుకి ముందురోజు ఈశ్వరమ్మ కోడల్ని మంచం దగ్గరికి పిలిచి, "మీ నాయన మీద ఒట్టు ఏసి చెప్పు, మీయమ్మకి ఈ మాట చెప్పనని," అంది. రసజ్ఞకి మొహం ఎర్రబడింది. అయినా వేసింది. వేసిన ఒట్టు నిలబెట్టుకుంది కూడా. కానీ ఇంటికొచ్చాక కట్టు మార్చడానికి వెళ్ళబోతే ఈశ్వరమ్మ తలుపు మొహాన వేసింది. "నీకు చూపిచ్చితే మీయమ్మకి చూపిచ్చినట్లే" అని జీతానికి నర్సును పెట్టించుకుంది. ఆ తలుపు చప్పుడు రసజ్ఞ మరిచిపోలేదు. అప్పట్నుంచి ఇద్దరి మధ్యా మాటలంటే పాలు వచ్చాయా, గ్యాసు బుక్ చేశావా, అంతవరకే.

ఇప్పుడు రసజ్ఞ తమ్ముడు వెంకట్‌కి సంబంధం కుదిరింది. ఆదివారం ఖాజాగూడలో, పెద్ద హాల్లో నిశ్చితార్థం. ఇంటి ఆడపడుచు అత్తగారు రాకపోతే ఎందుకు రాలేదని వందమంది అడుగుతారు, వస్తే వందమంది చూస్తారు. వెళ్ళకుండా ఉండటం ఈశ్వరమ్మకి చేతకాదు, భయపడిందనుకుంటుంది ఆ మహాతల్లి. వెళ్ళి, ఎప్పటి ఈశ్వరమ్మలాగే కూచుని, ఎప్పటిలాగే తిని, ఎవ్వరికీ ఏ తేడా కనబడకుండా లేచి రావాలి. అంతే ఆమె కోరింది. ఆస్పత్రివాళ్ళు అంటగట్టిన రబ్బరు ముద్ద పెట్టుకుంటే ఒళ్ళంతా చెమటతో ఉడికిపోయింది, దాన్ని బీరువా అడుగున పారేసింది. పైట ఎంత కప్పినా చేతికింద జాకెట్టు లొట్టపోయి కనబడుతూనే ఉంది.

అది గమనించి రసజ్ఞే అంది, మొహం చూడకుండా, గోడతో చెప్పినట్టు: "బనీను గుడ్డతో లోపలికి ఒకటి కుట్టొచ్చు. ఒక పక్క జేబు పెట్టి అందులో మెత్త పెడితే పాత జాకెట్లే పైన సరిపోతాయి. నా దగ్గర ప్యాటర్న్ ఉంది." ఇంట్లో కూచుని పనిచేసే కాలంలో రసజ్ఞ ఫోనులో చూసి కుట్టు నేర్చుకుంది. ప్యాటర్న్ అంటే ఏమీలేదు, కత్తిరించాల్సిన ఆకారం ముద్రించిన కాగితాలు. ఆఫీసులో ప్రింటు తీసుకొచ్చి, ఒకదానికొకటి అంటించి, గుడ్డ మీద పరిచి కోస్తుంది. ఈశ్వరమ్మకి ఆ కాగితాలంటేనే మంట. సబ్బుముక్కతో గుడ్డ మీద గీత గీసి కత్తెర వేసే మనిషి ఆమె. "పంచాంగం చూసి కుడతాండాది" అని మొగుడితో అనేది.

కొలతలడిగితే ఈశ్వరమ్మ తన ఆది జాకెట్టు విసిరేసింది. మన ఆడవాళ్ళకి అది అలవాటే కదా. ఒకటి బాగా కుదిరిన జాకెట్టుని ఆదిగా దాచుకుని, పదేళ్ళయినా దర్జీకి దాన్నే ఇస్తాం, ఒళ్ళు మారిందా లేదా అని చూసుకోం. రసజ్ఞ దాన్ని పెట్టుకుని కాగితం దిద్ది కుట్టింది. ఆ జాకెట్టు ఆపరేషనుకి ముందుది. రెండు పక్కలా నిండుగా ఉన్న మనిషిది. ఎడమపక్క ఆనుకునే ఒళ్ళు లేక గుడ్డంతా అటు జారింది, కుడిపక్క బిగుసుకుంది. వచ్చింది ఈ సంచి.

ఆ సంచిని ఉతికి బాల్కనీలో ఆరేస్తే పనిమనిషి సక్కుబాయి చూసింది. "ఏందమ్మా గిది? పెద్దసారు బనీనా? గింత పొట్టిగున్నదేంది?"

"ఆయనదే," అంది ఈశ్వరమ్మ.

"గీ జేబు లోపటికెందుకున్నది?"

"బీడీలు దాచుకునేదానికి. గిన్నెలు తోముకో పో."

నారాయణప్ప పుట్టి బుద్ధెరిగి బీడీ ముట్టలేదు. పేపరు వెనక నుంచి ఒక దగ్గు మాత్రం వినబడింది.

గురువారం పొద్దున రసజ్ఞ ఆఫీసుకి వెళ్ళగానే ఈశ్వరమ్మ కోడలి మిషను మీద కూచుంది. ఎవత్తె దగ్గరా చెయ్యి చాచనక్కర్లేదు, నా ఒంటికి నేను కుట్టుకోలేనా అనుకుంది. ఎడమపక్క లొట్టగా ఉన్నచోటల్లా గుడ్డ మడిచి లోపలికి తీసుకుంది. జాకెట్టుకి వేసినట్టు డాట్ల మడతలు వేసింది. రేపు కావాలంటే విప్పుకోవచ్చని లోపల రెండు వేళ్ళ వెడల్పు గుడ్డ వదిలింది. జాకెట్టు కుట్టే చెయ్యి అలాగే పోతుంది, తప్పు పట్టడానికి లేదు. మిషను మీద మామూలు కుట్టు, వత్తుగా, గట్టిగా వేసింది. దారం తెంపి చూసుకుంటే ముచ్చటగానే అనిపించింది.

మధ్యాహ్నానికి రసజ్ఞ తిరిగొచ్చి తన గదిలో మళ్ళీ మీటింగు పెట్టుకుంది. నారాయణప్ప పెరుగు తేవడానికి కిందికి దిగాడు. వంటింట్లో సక్కుబాయి గిన్నెలు తోముతోంది. ఈశ్వరమ్మ గది తలుపు మూసి, జాకెట్టు విప్పి, బనీనును తల మీంచి తొడుక్కోబోయింది.

తల దూరింది. కుడిచెయ్యి దూరింది. ఎడమచెయ్యి ఆపరేషను తర్వాత పూర్తిగా పైకి లేవదు, అది చంక దగ్గర ఇరుక్కుంది. బనీను గుడ్డకి ప్రాణమంతా సాగడంలోనే ఉంది. గట్టి కుట్టు వేస్తే సాగదు. ముందుకి లాగితే టప్పుమని ఒక కుట్టు తెగింది గానీ మనిషి దూరలేదు. వెనక్కి లాగితే తలే రాలేదు. కుడిచెయ్యి పైకి, ఎడమచెయ్యి సగంలో, మొహం మీద గుడ్డ, నడుముపైన ఏమీ లేదు. ఎడమచంకలో నొప్పి నిప్పులా పాకింది. ఈశ్వరమ్మ గది మధ్యలో, దొంగలు కట్టేసిపోయిన మనిషిలా నిలబడిపోయింది.

కేకెయ్యాలి. ఎవర్ని? సక్కుబాయి మంచిదే, కానీ ఆమె కళ్ళపడిందంటే సాయంత్రానికి లిఫ్టులో ఎక్కేవాళ్ళకీ దిగేవాళ్ళకీ తెలిసిపోతుంది. కోడలా? ఇన్ని నెలలు ఎవరికి చూపించకూడదని తలుపులు బిగించుకుందో ఆ మనిషి. కాసేపు అలాగే చీకట్లో ఊపిరి పీల్చుకుంటూ నిలబడింది. ఇక చెయ్యి తెగిపోతుందేమో అనిపించాక మడమతో బీరువాని ధన్‌ధన్‌మని తన్నింది.

"ఏందమ్మా గా సప్పుడు?" వంటింట్లోంచి సక్కుబాయి. "పడ్డరా ఏంది? జర ఆగుండ్రి, వస్తున్న."

"నువ్వు రావద్దు! లోపల కాలు పెట్టినావంటే ఇరగ్గొడతా! రసజ్ఞని పిలువు!"

"గా అమ్మ చెవులకు పెట్టుకున్నది, మీటింగుల ఉన్నది."

"పీకి పారెయ్యి మే చెవులది!"

సక్కుబాయి పరుగున పోయి, "అమ్మా, పెద్దమ్మకు పరేషాన్ అయితున్నది. నన్నేమో రానిస్తలేదు, కాళ్ళిరగ్గొడతనంటున్నది. ఇగ నువ్వే చూస్కో," అని చెప్పడం ఈశ్వరమ్మకి గుడ్డలోంచి వినబడింది.

తలుపు తెరుచుకుంది. మూసుకుంది. గడియ పడింది. తర్వాత ఏ చప్పుడూ లేదు. ఆ చప్పుడు లేకపోవడమంతా తన ఎడమపక్కనే చూస్తోందని ఈశ్వరమ్మకి తెలుసు.

"చూసినావు గదా," అంది గుడ్డలోంచి. "సంబరం తీరిందా?"

"కదలకండి. కత్తెర ఒంటికి దగ్గర్లో ఉంది."

"అయ్యో పాపం అనినావంటే మాత్రం..."

"అనను. కదలొద్దన్నానా? మాట్లాడితే కడుపు కదులుతోంది."

చల్లటి ఇనుము పక్కటెముకల మీదుగా పైకి పాకింది. గుడ్డ రెండుగా విడిపోయి చేతులు కిందికి వాలాయి. ఈశ్వరమ్మ తువ్వాలు లాక్కుని కప్పుకుని, యుద్ధానికి సిద్ధమై కోడలి మొహంలోకి చూసింది. జాలి కనబడితే చీల్చేద్దామని చూసింది. రసజ్ఞ ఆమెను చూడటం లేదు. తెగిన బనీనును తిరగేసి కుట్లు పరీక్షిస్తోంది, కనుబొమలు ముడేసుకుని.

"లోపల ఇంత గుడ్డ ఎందుకు వదిలారు?"

"రేపు లావైతే విప్పుకునేదానికి. అంతమాత్రం తెలీదా?"

"ఎడమపక్క ఇంకేం లావవుతారు అత్తయ్యా?"

అనేశాక రసజ్ఞ పెదవి కొరుక్కుంది. ఆస్పత్రిలో డాక్టరు దగ్గర్నుంచి సందీప్ దాకా అందరూ "అది", "ఆపరేషను", "ఆ విషయం" అంటూ దాని మీద చాప కప్పి చుట్టూ తిరిగారు. ఈ పిల్ల దాని మీద నేరుగా కాలు పెట్టింది. ఈశ్వరమ్మ ముక్కులోంచి ఒక గాలి వచ్చింది. నవ్వో, బుసో, ఆమెకే తెలియలేదు.

"నాలుక కాదు మే నీది, కత్తిపీట," అంది. "పో, టేపు తీసుకురా."

అప్పటికప్పుడు కొలతలు మొదలయ్యాయి. ప్రేమగా జరిగాయనుకునేరు. టేపు చల్లగా తగిలితే ఈశ్వరమ్మ తిట్టింది. నిటారుగా నిలబడకపోతే రసజ్ఞ తిట్టింది. వెన్నెముక నుంచి కుడిపక్క ముందువరకు ఒక కొలత, ఎడమపక్క ముందువరకు ఒక కొలత. భుజం మీంచి కిందికి, కుడికి వేరే, ఎడమకి వేరే. ఎడమ భుజం కాస్త ముందుకి ఒంగిపోయి ఉందని ఈశ్వరమ్మకే తెలియదు. మచ్చ చంక కిందికి ఎంతదాకా పోయిందో చూడటానికి, "చెయ్యి ఎత్తండి," అంది రసజ్ఞ. "ఎత్తలేను." "ఎత్తగలిగినంత ఎత్తండి. ఆదివారం మా అమ్మ గంధం రాస్తుంటే చెయ్యి ఒంటికి అతికించుకుని కూచుంటారా?" అమ్మ మాటెత్తగానే చెయ్యి ఇంకో బెత్తెడు లేచింది.

తర్వాత రసజ్ఞ కాగితం తెచ్చి నేల మీద పరిచింది. అది మనిషిలో సగమే. ఒక భుజం, ఒక చంక, సగం మెడ. గుడ్డను రెండు మడతలేసి మడత అంచున ఆ సగాన్ని ఆనించి కోస్తే, విప్పేసరికి రెండు పక్కలూ అచ్చు ఒకేలా వస్తాయి. ఈశ్వరమ్మ కూడా జన్మంతా మడత మీదే కోసింది, రెండు పక్కలా ఒకేలా ఉండే ఆడవాళ్ళకి.

"ఇదీ తప్పు," అంది రసజ్ఞ. "దీనికి రెండో సగం కావాలి." పాత కేలండరు కాగితం మీద ఆ సగాన్ని తిరగేసి గీసి, కోసి, పక్కన అంటించింది. నేల మీద ఒక పూర్తి మనిషి తయారైంది. అప్పుడు ఎడమపక్క మీద పెన్సిలు పెట్టింది. రొమ్ము నిండుదనం కోసం వదిలిన చోటును మడతపెట్టి మింగేసింది. పక్క కుట్టు మచ్చ మీద పడకుండా ముందుకి జరిపింది. చంక దగ్గర కోతను కొంచెం పైకి తెచ్చింది, లొట్ట కనబడకుండా.

ఈశ్వరమ్మ మంచం మీద కూచుని ఓర్చుకుంది, ఓర్చుకుంది, కుడిపక్క గీతకి వచ్చేసరికి ఓర్చుకోలేకపోయింది. "ఏమిటికి మే లోపలికి గీస్తాండావు? కొలత అంతకంటే ఎక్కువుండాది గదా!"

"బనీను గుడ్డ కదా. ఒంటి కంటే తక్కువే కొయ్యాలి. వేసుకుంటే సాగి పట్టుకుంటుంది."

"ఒంటికంటే తక్కువా? యాడైనా విన్నామా? ఊపిరాడక సచ్చేదానికా?"

"ఇందాక సాగకుండా కుట్టేసుకునే కదా ఇరుక్కున్నారు!"

ఈశ్వరమ్మ గుడ్డముక్కని తీసి లాగి చూసింది. అడ్డంగా లాగితే సాగింది, నిలువుగా లాగితే మొండికేసింది. రెండు మూడుసార్లు లాగి, ముక్కని కోడలి వైపు విసిరేసింది. తర్వాత ఎడమపక్క గీతను కాలి బొటనవేలితో చూపించి, "ఈడ మాత్రం తగ్గిచ్చద్దు. మచ్చ మీద బిగుసుకుంటే నేను నీ గొంతు బిగిస్తా," అంది. రసజ్ఞ ఆ గీతను రబ్బరుతో చెరిపి బయటికి జరిపింది.

మంచి గుడ్డ పాడవకుండా ముందు సందీప్ పాత ఆఫీసు టీషర్టు కోసి చూశారు. కంపెనీ పేరు ఈశ్వరమ్మ కడుపు మీద తలకిందులుగా పడింది. జేబులో దూది కుక్కితే నాలుగడుగులు వేసేలోపు అది మెడదాకా ఎగబాకింది.

"దూదికి బరువేదీ?" అంది ఈశ్వరమ్మ. "ఆవాలు పెట్టు."

"ఆవాలా?"

"చంటిపిల్లోల్ల తల కింద ఆవాల దిండు పెడతారు చూడు, ఎట్ల వొత్తితే అట్ల వొదుగుతాది. మెత్తని నూలు గుడ్డలో ఆవాలు కుట్టు. కుడిపక్క ఎంత బరువుంటాదో అంత."

"పులిహోర వాసన వస్తే?"

"వస్తే మీయమ్మకి ఆకలేస్తాదిలే!"

ఆవాలు పోశారు. ఇప్పుడది పైకి పాకలేదు, కిందికి జారింది. ఆ బరువుకి భుజం దగ్గర బనీను గుడ్డ సాగి సాగి, మెత్త పొట్టమీదికి వచ్చి కూచుంది. ఈసారి నవ్వాపుకోలేక రసజ్ఞ మొహం తిప్పుకుంది. ఈశ్వరమ్మ ఆ నవ్వు చూసింది, చూసి కత్తెర అందుకుంటే రసజ్ఞ అడుగు వెనక్కి వేసింది కూడా. పెద్దావిడ పెట్టెలోంచి లంగా నాడా తీసి చప్పున కోసి, "భుజం కుట్టులో ఇది పెట్టి కుట్టు. నాడా సాగదు," అని చేతిలో కొట్టింది. రసజ్ఞ ముందుభాగాన్ని రెండు పొరలు చేసింది, రొమ్ము కింది పట్టీలోనూ, తొడుక్కున్నాక బిగించి కట్టుకునేలా, నాడా ఎక్కించింది, కుట్లన్నీ సాగే వంకర కుట్లు వేసింది, మచ్చ వైపు కుట్టు మొరటుతనం బయటికి ఉండేలా తిప్పింది. శనివారం సాయంత్రానికి చందనం రంగు గుడ్డతో అసలుది తయారైంది. ఈశ్వరమ్మ గడియ వేసుకుని ఒక్కతే తొడుక్కుంది. చాలాసేపు బయటికి రాలేదు. వచ్చి, "మెడ వెనక గోకుతాంది," అంది. రసజ్ఞ తీసుకెళ్ళి మెడ వెనక కుట్టు విప్పి మళ్ళీ వేసింది.

ఆదివారం ఖాజాగూడ హాల్లో ఏసీల చల్లదనం, పూల వాసన, జనం. ఈశ్వరమ్మ మావిడిచిగురు రంగు పట్టుచీర కట్టింది, పాత జాకెట్టే తొడిగింది. అద్దం ముందు ఎడమనుంచి చూసుకుంది, కుడినుంచి చూసుకుంది. ముందు వరసలో కూచుంది.

వీరలక్ష్మి గంధం గిన్నెతో రానే వచ్చింది. కూతురు రసజ్ఞ వెనకాల కుంకుమ పళ్ళెం పట్టుకుంది. మెడకి గంధం రాస్తూ వీరలక్ష్మి కళ్ళు ఈశ్వరమ్మ తల దగ్గర మొదలుపెట్టి కిందిదాకా తడిమాయి. జుట్టు దగ్గర ఆగాయి. భుజం దగ్గర ఆగాయి. ఎద దగ్గర ఏమీ తట్టక ముందుకి పోయాయి.

"రాళ్ళు తీయించుకుంటే మనిషి ఇంతలా నీరసించిపోతుందాండీ వదినగారూ? మా తోడికోడలు తీయించుకుని వారానికి బిందెలు మోసింది."

"మీ తోడికోడలివి గులకరాళ్ళేమో. నావి కదిరి రాళ్ళు," అంది ఈశ్వరమ్మ. లోపల గుండె దడదడలాడినా పైన ఆవాలు మాత్రం కదల్లేదు.

గెలిచాననుకుంది. అంతటితో ఆవిడ పోయుంటే బాగుండేది. పోలేదు. పక్క కుర్చీలో కూలబడి, కూతుర్ని చూపిస్తూ మొదలెట్టింది. "మా దానికేమో ఈమధ్య కుట్టు పిచ్చి పట్టుకుందటండీ. శుక్రవారం ఫోను చేస్తే మిషను మీదున్నానంటుంది, శనివారం చేస్తే మిషను మీదున్నానంటుంది. సొంత తమ్ముడి నిశ్చితార్థమండీ, ముందురోజు వచ్చి నాలుగు పూలు కట్టిందా? గుడ్డపేలికలు ముందేసుకు కూచుందిట!"

కోడల్ని తిడుతుంటే మొదట ఈశ్వరమ్మకి వీనులవిందుగానే ఉంది. రసజ్ఞ పళ్ళెంలోకి చూస్తూ నిలబడింది. కారణం చెప్తే ఒట్టు తప్పుతుంది.

"అయినా దీని చేతికి కుట్టెక్కడ వస్తుందండీ," అంది వీరలక్ష్మి, అటుపక్క ఇద్దరాడవాళ్ళకి కూడా వినబడేలా. "స్కూల్లో రుమాలు అంచు కుట్టమంటే కూడా నేనే కుట్టిచ్చి పంపేదాన్ని. వదినగారూ, మీవి మాత్రం ఏవీ దీనిచేత కుట్టించుకోకండేం. నలుగుర్లో పరువు పోతుంది!" అని కిసుక్కుమంది.

"ఎవరి పరువు?" అంది ఈశ్వరమ్మ.

"అబ్బే, మాటవరసకండీ..."

"నీ కూతుర్ని ఇచ్చేసినావు. ఇప్పుడు నా కోడలు. దాన్ని తిట్టేదానికి నేనుండా, పొద్దున లేస్తే అదే పని నాకు. నడమ నువ్వెవరు?" గొంతు తగ్గించే అంది. తగ్గించిన గొంతు ఇంకా గట్టిగా కోసింది. "దాని చేతికి కుట్టు రాదా? నా రొమ్ము కోసేసినారు ఎండాకాలంలో. రాళ్ళు కాదు, రొమ్ము. ఆ పొద్దు నుంచీ నలుగుర్లోకి రాలేదు నేను. ఈ పొద్దు నీ ముందర, నీ కండ్ల ముందర, రొమ్ము ఇరుచుకుని కూచున్నానంటే నీ కూతురు కుట్టింది లోపలేసుకున్నా కాబట్టి. కాగితం చించి, మడత ఇప్పి, నాతో తిట్లు తిని కుట్టింది. నువ్వు ఇంతసేపూ గంధం రాసే సాకుతో తడుముకుంటా చూసినావే, ఏమన్నా కనబడిందా?"

అన్నాక గానీ తానేం అనేసిందో ఆమెకే తెలియలేదు. ఇన్ని నెలలు పళ్ళ బిగువున దాచింది, దాచడం కోసమే ఇంత కుట్టించింది, చివరికి తన నోటితో తానే, అదీ ఈ మనిషికి. రసజ్ఞ చేతిలో పళ్ళెం వంగి కుంకుమ కాస్త తివాచీ మీద రాలింది. "అత్తయ్యా..." అంది.

"నోర్మూసుకో మే. నీ ఒట్టు నువ్వు తప్పలేదులే."

వీరలక్ష్మి మొహంలో నవ్వు ఎప్పుడో జారిపోయింది. మెల్లగా ముందుకి వంగి, గొంతు బాగా తగ్గించి, ఈసారి నిజంగానే తెలియక అడిగింది.

"ఏ పక్కండీ, వదినగారూ?"

ఈశ్వరమ్మ వెన్ను కుర్చీకి ఆనించి, పైటకొంగును భుజం మీద ఇంకాస్త వెనక్కి వేసుకుంది.

"కండ్లుండాయి గదా. కనుక్కో చూద్దాం."

వీరలక్ష్మి చూసింది. ఎడమకి చూసింది, కుడికి చూసింది, మళ్ళీ ఎడమకి వచ్చింది. అవతల పురోహితుడు తాంబూలాలు మార్చుకోవాలి, పెళ్ళికొడుకు తల్లి రావాలమ్మా అని పిలుస్తున్నాడు. ఆవిడ ఇంకా చూస్తూనే ఉంది.